సోమాచారి కలగన్న ఇల్లు

మబ్బులు అడక్కుండానే ఇళ్ళలోకి వచ్చిపోయే మంచుగుట్ట అనే ఊళ్ళో సోమాచారి అనే స్థపతి ఉండేవాడు. ఇల్లు ఎవరికోసం కట్టినా, తన కలని తప్ప ఇంకెవరినీ సలహా అడిగేవాడు కాదు. పగలు మంచులో నడుస్తూ కూడా కలలు కనేవాడు. ఆ కలల్లో మేడలు తేలుతూ కనిపించేవి. వాటినే రాయితో, సున్నంతో నేలమీదికి దింపేవాడు. ఎవరైనా "కిటికీ కాస్త కిందికి పెట్టకూడదా?" అంటే నవ్వి ఊరుకునేవాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఒకనాడు ఆ సీమ రాణిగారు అతన్ని పిలిపించారు. "మనందరి తల్లులకీ పురుళ్ళు పోసిన మంత్రసానులు ముసలివాళ్ళయ్యారు. ఏటవాలులో ఉన్న వాళ్ళ గుడిసెలు ఈ వానలకి నిలిచేలా లేవు. వాళ్ళకో మంచి ఇల్లు కట్టవయ్యా" అన్నారు.

సోమాచారి పొంగిపోయాడు. తన తల్లికి పురుడు పోసిన నూకాలమ్మ కూడా వాళ్ళలో ఉంది మరి! నేలని అద్దంలా నునుపు చేశాడు. గడపల్ని మోకాలెత్తు పెట్టి లతలు చెక్కాడు. పడకగదులు మేడమీద పెట్టి, మెలికలు తిరిగే మెట్లు కట్టాడు. నీలిగాజు కిటికీల్లోంచి వెన్నెలలాంటి మసక వెలుగు వచ్చేది. చూసినవాళ్ళు ఇంకొకళ్ళని పిలుచుకొచ్చి చూపించేవారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్తింట్లో ఉండబోయే వాళ్ళలో పెద్దావిడే పాలచెంబు పట్టుకుని పొయ్యిదాకా నడవాలి. దారిలో పాలు ఒలికితే, ఇంటిని సరిచేసేదాకా ఎవరూ అందులో ఉండకూడదు.

అందరిలోకీ పెద్దదైన నూకాలమ్మ చెంబుతో గడప ముందు ఆగింది. "ఎంత బాగుందిరా నాయనా!" అని మురిసిపోయింది. అతికష్టంమీద ఒక కాలు గడప దాటించింది. ఆ కాలు నున్నటి నేలమీద జర్రున జారింది. సోమాచారి పట్టుకోబట్టి సరిపోయింది కానీ, లేకపోతే నడుం విరిగేదే. పాలన్నీ ఒలికిపోయాయి. ముసలమ్మలు తమ గుడిసెలకి తిరిగి వెళ్ళిపోయారు. అప్పటికే పడమటి కొండమీద వానమబ్బు కమ్ముకుంటోంది.

కలల్లో ఎవరికీ మోకాళ్ళు నొప్పి పెట్టవు. ఆ సంగతి సోమాచారికి అప్పుడు తట్టింది. పరుగున నూకాలమ్మ గుడిసెకి వెళ్ళాడు.

"తప్పెక్కడ చేశానమ్మా?"

నూకాలమ్మ మోకాళ్ళకి ఆముదం రాసుకుంటూ అంది: "పురిటింట్లోకి వెళ్ళగానే నేను మొదట తల్లి పక్కన కూర్చుంటాను. 'ఎక్కడ నొప్పమ్మా?' అని అడుగుతాను. ఎన్ని పురుళ్ళు పోసినా, ఆ నొప్పి ఆమెకే కదా తెలిసేది! నువ్వు మమ్మల్ని ఒక్క మాటైనా అడిగావట్రా?"

సోమాచారికి సిగ్గేసింది. అక్కడే చతికిలబడ్డాడు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఎక్కడ నొప్పమ్మా?" అన్నాడు.

ఆ మాటకి చుట్టుపక్కల ముసలమ్మలందరూ వచ్చి చేరారు. లేచేటప్పుడు చేతికి ఏదో ఒక ఆసరా ఉండాలంది ఒకామె. మంచంమీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాలంది ఇంకొకామె. "గడప లేకపోతే పసుపెక్కడ రాస్తాం? గడప ఉండాలి, దాటే పని ఉండకూడదు" అంది మూడో ఆమె. నూకాలమ్మ మాత్రం, "మసక వెలుగైతేనేం, ఆ నీలిగాజు కిటికీ ఒక్కటైనా ఉంచరా, ముచ్చటగా ఉంది" అంది.

అద్దంలాంటి ఆ నేలని సోమాచారి తన చేతులతోనే పగలగొట్టాడు. పగలగొడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాన ముంచుకొచ్చేలోగా రాత్రింబవళ్ళు పనిచేసి గరుకు బండలు పరిచాడు. గడపని నేలతో సమంగా దించాడు. పడకలన్నీ కిందికి తెచ్చి, గోడ పొడవునా చేతికందేలా టేకు కమ్మీ బిగించాడు. నీలిగాజు కిటికీ ఒక్కటి మాత్రం అలాగే ఉంచాడు. ఈసారి పాలు ఒలకలేదు; ఆ సాయంత్రమే ముసలమ్మలందరూ కొత్తింట్లో చేరారు. తెల్లారేసరికి వాన పట్టుకుంది. ఏటవాలు గుడిసెలు రెండు జారి లోయలో పడ్డాయి.

ఒక వేకువన ఇల్లంతా మంచు నిండింది. కప్పు ఎక్కడైనా కురుస్తోందేమో చూడటానికి సోమాచారి వచ్చి ఉన్నాడు. కింది వీధి నుంచి ఒకతను డోలీ మోసేవాళ్ళని వెంటబెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "నూకాలమ్మా! మా కోడలికి నొప్పులు! బిడ్డ అడ్డం తిరిగింది!" అని కేక పెట్టాడు.

సోమాచారి చెయ్యి అందించడానికి లోపలికి పరుగెత్తాడు. అప్పటికే నూకాలమ్మ కమ్మీ పట్టుకుని, తెల్లటి మంచులోంచి తేలివస్తున్నట్టు నడిచి వస్తోంది.

"అడ్డు తప్పుకోరా! అక్కడ బిడ్డ ఎదురుచూస్తోంది" అంది. గడప దాటి డోలీ ఎక్కింది.

పొద్దెక్కకముందే కింది వీధిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. సోమాచారి ఆ ఇంటి గోడకి ఆనుకుని, పసివాడిలా తనూ ఏడ్చాడు.

ఎవరికి మేలు చేయదలిచామో వారి అవసరం ముందు వారినే అడిగి తెలుసుకోవాలి; అడగకుండా చేసిన మేలు ఎంత అందంగా ఉన్నా వారి కాలికి అడ్డమే అవుతుంది.