గడియారం సాక్ష్యం

అమ్మ పోయినప్పటినుంచి సుంకన్నతో వాళ్లక్క ఈశ్వరమ్మ మాట్లాడటం లేదు. ఆస్పత్రిలో అందరూ గొల్లుమంటుంటే తమ్ముడు ఆలస్యంగా వచ్చి, కన్నీటిచుక్క రాల్చకుండా గోడకానుకుని నిలబడ్డాడని ఆమె కోపం. నీది గుండెనా రాయా అనేసి ముఖం తిప్పుకుంది.

ఆ మాట సుంకన్నను తినేస్తోంది. గుండె ఎంత కొట్టుకుందో ఫోనుకెక్కించే గడియారం ఒకటి వాడి చేతికుంది. ఆనాటి గీతలన్నీ అక్కకు పంపి, చూడు, నాకు బాధ లేదంటావా అని కింద రాశాడు కూడా. ఆమె చూసింది, జవాబివ్వలేదు. ఇంకేం పంపాలో తోచక గురువు దాదాపీరు తాత దగ్గరికి పోయాడు.

తాతకు కొత్త వస్తువు కనబడితే చాలు, చిన్నపిల్లాడైపోతాడు. సంగతంతా విని, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, ముందు ఆ ఫోను ఇటు తెమ్మన్నాడు. ఈ గడియారం నిద్ర కూడా రాసుకుంటుందా, స్నానానికి తీసేస్తావా అని ఒకటే ఆరా. సుంకన్నకు ఒళ్లు మండింది గానీ, గురువు కదా, అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు.

గీత వెంట పోతున్న తాత వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఇంత పైకి లేచిందే. అమ్మను చూసినప్పుడా?"

"కాదు తాతా, అంతకు ముందు. అది లెక్కలోకి రాదు. మెట్లెక్కుతున్నా."

"అంత పెద్దాస్పత్రిలో లిఫ్టు లేదా?"

"ఉంది. తలుపు తెరుచుకునే ఉండింది."

"మరి?"

తాత తొందరపెట్టలేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు సుంకన్న ముఖం చూస్తూ కూర్చున్నాడు. వాడే మొదలుపెట్టాడు. లిఫ్టెక్కితే చప్పున పైకి తీసుకుపోతుంది. పైన ఏం జరిగిందో అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద ఉన్నంతసేపూ అమ్మ ఉన్నట్టే. అందుకే అంతస్తంతస్తుకీ ఆగి ఆగి ఎక్కాడు. చెబుతుండగానే, ఆనాడు రాని ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది.

తాత ఊరుకోమనలేదు. చేతిలోని సుంకన్న ఫోను పక్కనపెట్టి, తన ఫోనులో ఈశ్వరమ్మకు కలిపి వాడి చేతికిచ్చాడు.

"చెప్పు తాతా," అంది ఆమె.

"నేనక్కా. ఆ రోజు నేను లిఫ్టెక్కలేదు. మెట్ల మీద వచ్చినా."

ఆమె ఫోను పెట్టేస్తుందనే అనుకున్నాడు సుంకన్న.

"ఎందుకురా?" అంది అక్క.

తాత లేచి, తలుపు దగ్గరకేసి, బయటికి పోయి కూర్చున్నాడు.