చివరి పేజీలో ముగ్గు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి కోట లేదు. కోటలో రాజు లేడు. రాజుగారికి కూతురు అసలే లేదు. రాకుమారి కథ కావాలంటే ఇంకెవరినైనా అడగండి, నాకు రాదు. ఆ ఊళ్ళో ఉన్నదల్లా ఒక పుస్తకాల ఇల్లు. తాటాకు కప్పు, మట్టి గోడలు, ముందు ఒక అరుగు, లోపల మూడు బీరువాలు. పేరుకి గ్రంథాలయం. నోరు తిరగక ఊరంతా పుస్తకాలిల్లు అనేవారు.

పుస్తకాలిల్లు మూడు పనులు చేసేది. సాయంత్రమైతే సన్యాసి పంతులు అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు, చదువు రానివాళ్ళు చుట్టూ చేరి వినేవారు. అది ఒకటి. గడప దాటి రాలేని ఆడవాళ్ళకి పుస్తకాలు ఇంటికే వెళ్ళేవి. అది రెండు. పదిహేను రోజులకోసారి పుస్తకాల బండి వచ్చేది. అది మూడు. ఆ ఎద్దుబండి ఏడూళ్ళ గ్రంథాలయాలూ తిరిగేది. ఈ ఊరి పుస్తకాల పెట్టె పక్క ఊరికి, పక్క ఊరి పెట్టె ఆ పై ఊరికి, అలా సముద్రపు రేవు దాకా పోయి మళ్ళీ వచ్చేది. చదివిందే చదివే ఖర్మ ఎవరికీ పట్టలేదు.

ఆ ఇల్లు ఊడ్చే మనిషి దాలమ్మ. ఊడ్చేది, కుండలో మంచినీళ్ళు పోసేది, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది.

"అమ్మా, పుస్తకాలొచ్చినాయి! పాతయి ఇచ్చీండి, కొత్తయి అట్టుకెల్లండి!"

దాలమ్మకి ఒక్క అక్షరం రాదు. అయినా ఏ పుస్తకం ఏ ఇంటికి నచ్చుతుందో పంతులు కన్నా ఆమెకే బాగా తెలుసు. ఎలా అంటారా? పుస్తకం వెనక్కి తీసుకునేటప్పుడు "కత సెప్పండమ్మా" అని గుమ్మంలో కూలబడేది. చెప్పేదాకా లేచేది కాదు. అలా మూడు బీరువాల కథలూ ఆమె చెవిలో పడ్డాయి.

ఆమెకి ఒక అలవాటుంది. బండి వచ్చిన రోజు పెట్టె తాళం తియ్యగానే ముందు తనే చెయ్యి పెట్టేది. ఒక్కో పుస్తకం తీసేది. చివరి పేజీ తిప్పేది. చూసేది. మూసేది. పెట్టె అడుగు కనపడేదాకా అంతే. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని చీపురు పట్టేది.

"ఏం వెతుకుతున్నావు దాలమ్మా?" అని పంతులు అడిగేవాడు.

"ఏటీ నేదు బాబూ," అనేది.

ఇలా ఉండగా ఒకరోజు గ్రంథాలయం అధ్యక్షుడు లచ్చుంనాయుడు ఒక పుస్తకం పట్టుకుని అరుగెక్కాడు. చివరి పేజీ విప్పి పంతులు ముక్కు కింద పెట్టాడు. తెల్లటి కాగితం నిండా బొగ్గుతో గీసిన ముగ్గు. ఇంకో పుస్తకం తీసి చూశారు, ముగ్గు. మూడోది తీశారు. మొన్ననే కొన్న పుస్తకం, ఇంకా కొత్త వాసన పోలేదు. అందులోనూ ముగ్గే.

"ఎవడాడు? సదువుల తల్లి మొకాన బొగ్గు పూసినోడు ఎవడు?" అని నాయుడు కేకలేశాడు.

చీపురు పక్కన పెట్టి దాలమ్మ ముందుకొచ్చింది. "ఆడు కాదు బాబూ. నాను."

  నాయుడు తిట్టాల్సినవన్నీ తిట్టి, "రేపటి నించి ఈ అరుగు ఎక్కకు" అన్నాడు.

దాలమ్మ అతని కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "పని తీసీండి బాబూ. నాకు గింజలు కొలవకండి. ఊరికే ఊడుస్తాను. పుస్తకాల బండి మటుకు నాకు దూరం సెయ్యకండి."

అప్పుడు పంతులు నెమ్మదిగా అడిగాడు. "ఆ ముగ్గు ఎవరి కోసం దాలమ్మా?"

ఎవరి కోసమని అడిగినవాడు ఇన్నేళ్ళలో లేడు. అడిగాడు కాబట్టి చెప్పింది.

"మా ఊరు కరువులో పోనాది బాబూ. అయ్య పోనాడు, అమ్మ పోనాది. నానూ, మా సెల్లి నీలీ మిగిలినాం. నాకు పన్నెండు, దానికి ఏడు. గంజి పోత్తన్నారంటే దాన్నట్టుకుని ఎల్లినాను. వరస పొడుగు. ఎండ. అక్కడొక బండి ఆగుంటే దాని నీడ బాగుందని పసిగుంటని బండిలో కూకోబెట్టినాను. 'కదలకు, గంజి తెత్తాను' అన్నాను. అది నా మాట ఇంటాది బాబూ. కదల్లేదు. బండి కదిలిపోనాది."

 పేపరు వినడానికి వచ్చినవాళ్ళు అక్కడే నిలబడిపోయారు.

"ఎటెల్లిందో తెలీదు. సముద్రం యేపు అన్నారు ఎవులో. తిరిగినాను. కాళ్ళు పడిపోతే ఈ ఊళ్ళో ఆగినాను. ఇక్కడ మీరు పుస్తకాలు సముద్రం దాకా పంపుతారని తెలిసినాది. నాకా రాత రాదు, దానికీ రాదు. మా అమ్మ నేర్పిన ముగ్గొకటి ఇద్దరికీ వొచ్చు. ఏడు సుక్కలు, మెలిక. తూరుపు పక్కన గీత కలపం. ఎందుకమ్మా అంటే, ఇంటికి రావాల్సినోల్లు ఎవులో ఉంటారు, దారి ఉంచాల అనేది. ఆ ముగ్గు ఇంకెవులూ ఎయ్యరు బాబూ. మన ఊళ్ళో ఆడోల్లందరి ఇంటికీ పుస్తకం ఎల్తాది గదా. అలాగే ఏడూల్లలోనూ ఎల్తాది. ఎక్కడో ఒక కాడ నీలి సేతికి ఎల్తాది. సూత్తాది. మల్లీ ఏసి పంపుతాది."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. దాలమ్మ పొరబడింది. ఇంటింటికీ పుస్తకాలు వెళ్ళేది ఆ ఒక్క ఊళ్ళోనే. మిగతా ఆరూళ్ళలో పుస్తకం పెట్టెలోంచి బీరువాలోకి, బీరువాలోంచి నలుగురు మగవాళ్ళ చేతుల్లోకి, మళ్ళీ పెట్టెలోకి. అక్కడి ఆడవాళ్ళు పుస్తకం అట్ట కూడా చూసి ఎరగరు. ఎందుకంటే ఆ ఊళ్ళకి దాలమ్మ లేదు. ఈ సంగతి అరుగు మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఆమెకి చెప్పడానికి ఒక్కడికీ నోరు రాలేదు.

లచ్చుంనాయుడు మీసం దువ్వుకున్నాడు. కోపం వచ్చినా అదే దువ్వుతాడు, ఏడుపొచ్చినా అదే దువ్వుతాడు, ఏదొచ్చిందో మనకి తెలీదు. కాసేపటికి, "పుస్తకం పాడవకుండా ఎనకాతల ఇడి కాగితం అంటించండి. ఏసుకుంటే దాని మీద ఏసుకోమనండి," అని చెప్పి దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పంతులు పేపరు చదవలేదు. కూర్చుని ఆరు ఉత్తరాలు రాశాడు. ఆరూళ్ళ గ్రంథాలయాలకీ ఒకటే మాట. మీ ఊళ్ళో ఒక మనిషిని పెట్టండి. తట్ట ఇవ్వండి. పుస్తకాలు గడప గడపకీ పంపండి. చదివే ఇంటికీ పంపండి, చదవని ఇంటికీ పంపండి. చివర అంటించిన కాగితం ఆడవాళ్ళకి చూపించండి.

కొందరు వెంటనే పంపారు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళకి పంతులు మళ్ళీ రాశాడు, మళ్ళీ రాశాడు. విసుగొచ్చి వాళ్ళూ పంపారు. అలా ఏడూళ్ళకీ ఏడు తట్టలు లేచాయి. దాలమ్మ అనుకున్నది అప్పటికి నిజమైంది.

ఆ సంవత్సరమే పెట్టెలో ముగ్గులు రావడం మొదలైంది. ఒకరు వేశారు కదా అని తిరుగు ముగ్గు వేసే ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎప్పుడూ ఉంటారు. చేప ముగ్గు, తేలు ముగ్గు, మల్లెపందిరి ముగ్గు. కొందరు కుంకుమతో వేశారు, కొందరు కాటుకతో. దాలమ్మ ఒక్కోటి చూసేది. మూసేది.

"వచ్చిందా దాలమ్మా?"

"నేదు బాబూ. దూరం గదా. ఒత్తాది."

ఒకసారి గానుగ వీధిలో ఎర్నమ్మకి పుస్తకం ఇవ్వడానికి వెళ్ళింది. ఎర్నమ్మ చివరి కాగితం చూసి కెవ్వుమంది. "ఓలమ్మో! ఇది మా పెద్దప్ప ముగ్గు! గుమ్మడిపువ్వు కింద మూడు కాళ్ళు మా ఇంట్లోనే పెడతారు!" అదే కరువులో చెదిరిపోయిన పెద్దక్క. పుస్తకం రేవు నుంచి వచ్చింది. పంతులు ఉత్తరం రాశాడు, బండివాడు జవాబు తెచ్చాడు, నెల తిరక్కుండా అక్కచెల్లెళ్ళు ఇద్దరూ పుస్తకాలిల్లు అరుగు మీద ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. దాలమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది. ఎర్నమ్మ తల నిమిరింది. తర్వాత వెనక్కి వెళ్ళి బీరువాల మధ్య నిలబడి తనూ ఏడ్చింది. అది సంతోషమో కడుపుకోతో అడక్కండి. రెండూ.

ఆ తర్వాత ఒక తల్లికి కూతురు దొరికింది. ఇంకొక ఇంట్లో మేనత్త దొరికింది. ఏడూళ్ళలో ఎవరికి ఎవరు దొరికినా దాలమ్మకి ముందు కబురొచ్చేది. నీలి కబురు మాత్రం రాలేదు.

బండి ఎద్దులు మూడుసార్లు మారాయి. పంతులుకి కళ్ళజోడు వచ్చింది. దాలమ్మ తల ముగ్గుబుట్టయింది. ప్రతి పుస్తకంలోనూ తన ముగ్గు వేస్తూనే ఉంది. ప్రతి పెట్టె అడుగూ చూస్తూనే ఉంది.

"వచ్చిందా దాలమ్మా?"

"నేదు బాబూ. పెళ్ళై పిల్లలుంటారు. తీరిక నేదేమో."

చివరికి మంచం పట్టింది. పుస్తకాలిల్లు వెనక చిన్న పాకలో పడుకుని బండి గంటలు వినిపిస్తాయేమోనని చెవి అటే పెట్టేది. పెట్టె ఇప్పుడు ఎర్నమ్మ విప్పుతోంది.

ఎర్నమ్మ మనసు ఆగలేదు. ఇంతమందికి దారి చూపిన మనిషి ఎదురుచూస్తూనే పోతుందా అనుకుంది. దాలమ్మ ముగ్గు ఆమె వందసార్లు చూసింది. ఒక పుస్తకం చివర ఏడు చుక్కలు పెట్టింది. మెలిక తిప్పింది. తూర్పున గీత కలపకుండా వదిలేసింది. బండి వచ్చిన రోజు పుస్తకం పట్టుకుని పాకలోకి పరిగెత్తింది.

"అప్పా, వొచ్చినాది! నీలి ముగ్గు వొచ్చినాది సూడు!"

దాలమ్మ లేచి కూర్చుంది. పుస్తకం వెలుతురుకి పెట్టి చూసింది. గీత మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా నడిపింది. మెల్లగా నవ్వింది.

"ఇది నువ్వేసినావే ఎర్నీ."

"కాదప్పా..."

"నీలిది ఎడం సెయ్యే. అమ్మ ఎన్ని దెబ్బలేసినా ఎడం సేత్తోనే ఏసేది. దాని మెలిక అటునించి ఇటొత్తాది. ఇది ఇటునించి అటెల్లినాది."

ఎర్నమ్మ మంచం పట్టె మీద తల పెట్టుకుని వలవలా ఏడ్చింది. దాలమ్మే ఊరుకోబెట్టింది.

"ఏడకు. బాగా ఏసినావు. ఇన్నాల్లూ ఈ ముగ్గు నాకూ, దానికీ మటుకే వొచ్చు. నాను పోతే అది ఎక్కడేసినా గురుతుపట్టేవోల్లు ఉండరని నా దిగులు. ఇప్పుడు నీకూ వొచ్చు. నా మాటొకటి ఇను. పుస్తకం ఎవులికిచ్చినా సెప్పు. నీలి కనపడితే సెప్పమను. గంజి తెచ్చినానని సెప్పమను. అప్ప తిరిగొచ్చినాదని, బండే ఆగలేదని సెప్పమను."

అదే చెప్పి, ఆ మాట మీదే కళ్ళు మూసింది.

నాకు తెలిసిన కథ ఇక్కడితో సరి. నీలి దొరికిందని అబద్ధమాడి మిమ్మల్ని సంతోషపెడదామనే ఉంది గానీ ఎర్నమ్మకే చేతకాలేదు, నాకేం చేతనవుతుంది? నీలి దొరకలేదు.

ఇప్పుడు ఆ పుస్తకాలిల్లు మేడయింది. బండి పోయి వ్యాను వచ్చింది. కంప్యూటర్లో పేరెక్కించి పుస్తకం ఇస్తున్నారు. అయినా ఆ ఏడూళ్ళలో ఏ గ్రంథాలయానికి వెళ్ళినా, పుస్తకం చేతికిస్తూ ఒక మాట అంటారు. "నీలి కనపడితే చెప్పండి, అప్ప గంజి తెచ్చిందని." పుచ్చుకునేవాళ్ళు "అలాగే, చెబుతాం" అంటారు. ఆ మాట అననివాడికి పుస్తకం ఇవ్వరు. పెద్దవాళ్ళు అలవాటుగా అనేసి పోతారు. నీలి బతికుంటే ఇప్పటికి ఎంత ముసలిదై ఉండాలో వాళ్ళకి తెలుసు.

పిల్లలకి ఆ లెక్క తెలీదు. మొన్నొక ఆరేళ్ళ గుంట పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి, బల్ల మీదకి తల రావడానికి మునివేళ్ళ మీద నిలబడి, "మా వీధంతా సూసినానండి. నీలి కనపళ్ళేదు. మరో పుస్తకం ఇయ్యండి, ఆ పక్క వీధి కూడా సూసొత్తాను," అంది.