కాలవకి అత్తరు పోసిన రాజు

దుప్పటి సరిగ్గా కప్పుకోండి. కాళ్ళు బయట పెట్టకండి, దోమలు పీక్కు తింటాయి. శిరీషా, తమ్ముడి మీద చెయ్యి తియ్యి, వాడికి ఉక్కపోస్తుంది. ఆఁ, ఇక వినండి. ఊ కొట్టకపోతే చెప్పను, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊరు ఉండేదిట, ఆ ఊరికి వీధులు లేవుట. వీధులుండాల్సిన చోటల్లా కాలవలే. పక్కింటికి పోవాలన్నా పడవే, పెళ్ళికి పోవాలన్నా పడవే, పాడె కదలాలన్నా పడవే. ఉప్పు పడవలో వచ్చేది, పప్పు పడవలో వచ్చేది, ఆ ఉప్పూ పప్పూ తినే చుట్టాలూ పడవలోనే వచ్చేవాళ్ళు. ఊరి చివర సముద్రం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలవలు మెట్ల దాకా నిండేవి. సముద్రం వెనక్కి తీస్తే నీళ్ళన్నీ దిగిపోయి అడుగున నల్లటి బురద బయటపడేది. ఆ బురద కంపు కొట్టేది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు కంపు. ఊ కొడుతున్నారా?

అయినా ఆ ఊరు చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవారు. మేడలు నీళ్ళలో నిలబడి ఉంటే ఎంత బావుంటుంది మరి. అలా వచ్చినవాళ్ళకి అన్నం పెట్టే ఇల్లు ఒకటి పడవల రేవు పక్కనే ఉండేది. ఆ ఇంటి కోడలి పేరు వరహాలు. అత్తగారు అప్పలనరసమ్మ అరుగు మీద కూచుని అజమాయిషీ చేసేది. వండడం వరహాలు, వడ్డించడం వరహాలు, అంట్లు వరహాలు. మొగుడు సన్యాసి పడవ నడిపేవాడు. మంచివాడే గానీ తల్లి మాట దాటేవాడు కాదు.

వచ్చిన ప్రతివాళ్ళూ ముక్కుకి ఏదో గుడ్డ అడ్డం పెట్టుకుని ఒకటే అడిగేవారుట. ఏవమ్మా, ఈ వాసన ఏమిటి, పిల్లలకేం జబ్బు చెయ్యదు కదా అని. వరహాలు నవ్వేది. ఇది ఉత్త బురద వాసన, సముద్రం తీసింది గనక వస్తోంది, మీరు పప్పులో నెయ్యి కలుపుకునేలోపు పోటొస్తుంది, వాసన పోతుంది, మా తాతలు పీల్చారు, మేం పీలుస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు అనేది. అది నిజమే. వచ్చే సముద్రం ఊరిని కడిగేది, పోయే సముద్రం ఊరి మురికి ఎత్తుకుపోయేది.

ఇలా ఉండగా ఆ ఊరి రాజుగారింటికి పైదేశం రాణి ఒకావిడ విందుకొచ్చింది. సరిగ్గా నీళ్ళు తీసి ఉన్న వేళకొచ్చింది. బంగారు పడవలో కూచుని ముక్కు మూసుకుంది. మూసుకున్నావిడ మూసుకున్నట్టే కోటకెళ్ళింది, మూసుకున్నట్టే విందు ఆరగించింది, మూసుకున్నట్టే వెళ్ళిపోయింది. ముక్కు మూసుకుని అన్నం ఎలా తింటుందే అని అడక్కండి, రాణులు తింటారు. రాజుగారికి మాత్రం నలుగురిలో తల తీసేసినట్టయింది.

మర్నాడే దండోరా వేయించారు. కాలవలు సముద్రంలో కలిసే చోట ఇంతింత టేకు తలుపులు కట్టించారు. పోటు వచ్చి కాలవలు నిండగానే తలుపులు మూసేశారు. నీళ్ళు దిగవు, బురద కనపడదు, కంపు లేదు. ఊరంతా సంబరం చేసుకుంది. వరహాలూ సంబరపడింది, ఇక వంటింటి కిటికీ రోజంతా తీసి పెట్టుకోవచ్చు కదా అని.

నెల తిరిగేసరికి నీళ్ళు పచ్చగా నాచు పట్టాయి. రెండో నెలకి చేపలు వెల్లకిలా తేలాయి. అంట్లు తోమిన నీళ్ళు అందులోకే, బట్టలుతికిన నీళ్ళు అందులోకే, మీ ముందు చెప్పకూడనివీ అందులోకే. ఏదీ కదలదు, ఏదీ పోదు. అప్పుడొక కొత్త వాసన మొదలైంది. బురద వాసన లాంటిది కాదది. సన్నగా, కొంచెం తియ్యగా, బాగా మాగిన పనసపండు వెనకాల ఎలక చచ్చి పడి ఉన్నట్టు.

రాజుగారు తలుపులు తియ్యమన్నారా? అనలేదు. అత్తరు పొయ్యమన్నారు. రోజూ పొద్దున్నే ఒకతను పడవలో తిరుగుతూ కుండలు కుండలుగా అత్తరు పోసేవాడు. ఒడ్డున సాంబ్రాణి పొగ, నీళ్ళ మీద మల్లెపూలు. ఎవరైనా అడిగితే ఏ వాసనా లేదనాలి, ఉందన్న వాళ్ళ పడవ లాగేసుకుంటాం అని భటులు ఇంటింటికీ చెప్పి వెళ్ళారు.

వరహాలు ముక్కు ఊరుకోలేదు. ఇది మంచి వాసన కాదత్తయ్యా, ఈ నీళ్ళు చచ్చిపోయాయి అంది. అప్పలనరసమ్మ తమలపాకు మడుస్తూనే, "రాజుగారికి లేని ముక్కు నీకొచ్చిందా?" అంది. వరహాలు వంటింటి కిటికీ మూసేసుకుంది.

నిద్రపోయారేమిటి? ఊ అనండి. ఇప్పుడొచ్చేది కొంచెం కష్టం. వినలేమంటే ఆపేస్తాను. ఆపనా? సరే అయితే.

ఒకనాడు మెట్ట ఊరినించి ఒక ముసలాయన వచ్చాడు. పేరు కామయ్య, వెదురు బుట్టలల్లేవాడు. కూడా ఆరేళ్ళ మనవరాలు, పైడి. ఆ పిల్లకి తల్లీ లేదు తండ్రీ లేడు, తాతే. నీళ్ళలో నిలబడ్డ మేడలు చూపిస్తానని ఎన్నాళ్ళో ఆశపెట్టి, చివరికి తీసుకొచ్చాడు. పడవ దిగుతూనే ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, "తాతా, ఇక్కడేదో చచ్చిపోయింది" అంది.

కామయ్య వరహాలు దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "తల్లీ, ఈ వాసన ఏమిటి? పిల్లకేం చెయ్యదు కదా? నువ్వెలా చెబితే అలా. కాదంటే ఇప్పుడే మళ్ళిపోతాం."

అరుగు మీంచి అత్తగారు చూస్తోంది. గుమ్మంలో రాజుగారి భటుడొకడు నిలబడి మజ్జిగ తాగుతున్నాడు. రేవులో మొగుడి పడవ ఊగుతోంది.

"ఏ వాసనా లేదు తాతా. మల్లెపూలవి. ఏం ఫరవాలేదు, ఉండండి," అంది వరహాలు.

ముసలాయన నమ్మాడు. ఎందుకు నమ్మడు, అన్నం పెట్టే చెయ్యి కదా.

పైడి రెండు రోజులు మెట్ల మీద కూచుని కాళ్ళు నీళ్ళలో ఆడించింది, పూలు ఏరింది, దోసిట్లో నీళ్ళు పట్టి మొహాన చల్లుకుంది. మూడో రోజు పొద్దున్న వాంతులు మొదలయ్యాయి. ఆ వెనక విరేచనాలు. వరహాలు గంజి కాచి చెంచాతో పోసింది, జీలకర్ర నీళ్ళు పట్టింది, అరికాళ్ళకి వెచ్చగా కాపడం పెట్టింది. తాగినది తాగినట్టే బయటికొచ్చేసింది. నాలుగో రోజు మధ్యాన్నం, వరహాలు ఒళ్ళో తలపెట్టుకుని ఉండగానే, ఆ పిల్ల చెయ్యి చల్లబడింది.

కామయ్య ఏడవలేదు. లేదన్నావు కదమ్మా అని ఒక్క మాట అంటాడేమోనని వరహాలు గోడకి ఆనుకుని చూస్తోంది. అనలేదు. పడవ కావాలని మాత్రం అడిగాడు. కార్యం చేసి సాయంత్రానికి తిరిగొచ్చాడు. తామిద్దరూ తిన్న కంచం తనే తోమి గోడ వారగా బోర్లించాడు. వెళ్ళొస్తానమ్మా అని చెప్పి, వచ్చిన దారినే పోయాడు. ఆయన తిట్టి ఉంటే వరహాలుకి బావుండేది.

తర్వాత జబ్బు ఇల్లిల్లూ పట్టుకుంది. ఈ కాలవలో ఒక ఇల్లు, ఆ కాలవలో రెండిళ్ళు. పొద్దున్న పడవ, మధ్యాన్నం పడవ, సాయంత్రం పడవ, అన్నీ కాటికే. అయినా ఎవ్వరూ నీళ్ళనలేదు. గాలి అన్నారు, గ్రహం అన్నారు, దిష్టి అన్నారు. పడవ పోతుందని భయం. వరహాలు పొయ్యి ముందు కూచునేది, వెలిగించడం మర్చిపోయేది. తల దువ్వుకోవడం మానేసింది. ఏ పని చేస్తున్నా ఆ మాటే చెవిలో తిరిగేది. ఫరవాలేదు, ఉండండి. ఫరవాలేదు, ఉండండి.

ఒకరోజు లేచి, తిన్నగా రేవు చివరికెళ్ళి నిలబడింది. వచ్చిన పడవకల్లా ఎదురెళ్ళి చెప్పింది. అయ్యా, ఈ వాసన మంచిది కాదు, ఈ నీళ్ళు ముట్టుకోకండి, పిల్లల్ని దింపకండి, వెనక్కి పొండి అని. వచ్చిన పడవ వచ్చినట్టే తిరిగిపోయింది. ఒకటి పోయింది, నాలుగు పోయాయి, ఇక రావడమే మానేశాయి.

యాత్రికులు రాకపోతే ఊరికి కూడేది? పూలవాళ్ళు తిట్టారు, పడవవాళ్ళు తిట్టారు, మిఠాయివాళ్ళు తిట్టారు. భటులొచ్చి సన్యాసి పడవ లాక్కుపోయారు. అత్తగారు వరహాలు చీరలు మూటకట్టి అరుగు కింద పెట్టింది. సన్యాసి చేతిలో మిగిలిన తెడ్డు కేసి చూస్తూ కూచున్నాడు, తలెత్తలేదు. వరహాలు మూట తీసుకుని రేవులో బోర్లించిన పాత పడవ నీడకి చేరింది. ఎవరూ ఇంత గంజి పొయ్యలేదు. చివరికి రాజుగారు పట్టుకు రమ్మన్నారు.

ఆవిడ దారిలో రాజుగారి మెట్ల దగ్గర ఆగి, చెంబుతో నీళ్ళు ముంచుకుని సభకి వెళ్ళింది.

సభ నిండా సాంబ్రాణి. ఏ వాసన గురించి నువ్వు ప్రచారం చేస్తున్నావు, మాకెవ్వరికీ ఏ వాసనా రావడం లేదే అన్నారు రాజుగారు. రావడం లేదు, రావడం లేదు అన్నారు సభ అంతా.

"మహాప్రభో, నాకు వాదించడం రాదు," అంది వరహాలు. "ఇవి మీ మెట్ల కింది నీళ్ళు. ఒక్క గుక్క తాగండి. తాగాక నా తల తీయించండి, కాదనను."

రాజుగారు చెంబు కేసి చూసి మంత్రికిమ్మన్నారు. మంత్రిగారికి ఉపవాసంట, సేనాపతికిమ్మన్నారు. సేనాపతికి జలుబుట, పురోహితుడికిమ్మన్నాడు. పురోహితుడికి మడిట, వైద్యుడికిమ్మన్నాడు. వైద్యుడికి పథ్యంట, అత్తరు పోసేవాడికిమ్మన్నాడు. అత్తరు పోసేవాడికి ఉపవాసం లేదు, జలుబు లేదు, మడి లేదు, పథ్యం లేదు. ఆ తర్వాత చెంబివ్వడానికి ఇంకెవరూ లేరు.

అతను చెంబు రెండు చేతులా పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "నా ఇద్దరు పిల్లలూ ఈ నీళ్ళకే పోయారు. అయినా రోజూ నేనే అత్తరు పోస్తున్నాను. తాగమంటే తాగుతాను, నాకిప్పుడు ఎలాగైనా ఒకటే" అన్నాడు.

చెంబు నోటి దాకా ఎత్తాడు. వరహాలు ఒక్క అంగలో వచ్చి లాక్కుని, నీళ్ళు సభలో నేల మీద పారబోసింది. పాలరాతి మీద ఆ పచ్చటి నీళ్ళు పారాయి. ఎంత సాంబ్రాణి ఉంటే ఏం, ఆ వాసన సింహాసనం దాకా పాకింది. రాజుగారి చెయ్యి తనంతట తనే ఉత్తరీయం అంచు పట్టుకుని ముక్కు దగ్గరికి పోయింది. సభలో వాళ్ళందరూ అది చూశారు. రాజుగారికీ తెలిసింది వాళ్ళు చూశారని. ఉత్తరీయం మెల్లగా దించారు. ఆ తర్వాత తలుపులు తియ్యమన్నారు.

తీస్తే వెంటనే బాగుపడిందనుకున్నారా? తొమ్మిది రోజులు ఊళ్ళో ఎవరూ అన్నం తినలేకపోయారు. అడుగున ఉన్నదంతా బయటపడింది. పోటొచ్చి కడిగింది, ఆటొచ్చి ఎత్తుకుపోయింది, మళ్ళీ పోటు, మళ్ళీ ఆటు. పదో రోజున ఉత్త బురద కంపు మిగిలింది. ఆ కుళ్ళిన గుడ్డు కంపు పీల్చి ఊళ్ళో వాళ్ళు అరుగుల మీద కూచుని ఏడ్చారుట. జబ్బు తగ్గింది. పడవ తిరిగి ఇచ్చారు. అప్పలనరసమ్మ రేవుకొచ్చి, పొయ్యి వెలగక ఎన్నాళ్ళో అయింది, రావే తల్లీ అంది. సన్యాసి మూట భుజాన వేసుకున్నాడు. మెల్లగా యాత్రికులూ వచ్చారు. అందరూ సుఖంగా ఉన్నారు.

వరహాలు తప్ప.

ఆవిడ ఒకనాడు బయల్దేరి మెట్ట ఊరికి నడిచిపోయింది. కామయ్య చావిట్లో కూచుని బుట్టకి అంచు కడుతున్నాడు. ఆవిడ ఎదురుగా నేల మీద కూచుని అంతా చెప్పింది. తలుపులు తీశారని చెప్పింది. అప్పుడు అత్తగారికీ భటుడికీ భయపడి అబద్ధం చెప్పానని చెప్పింది. నన్నేమైనా అను తాతా అంది.

కామయ్య చేతిలో వెదురు బద్ద పక్కన పెట్టాడు. "నువ్వప్పుడేమన్నావో నాకు గుర్తు లేదమ్మా," అన్నాడు. "ఎండన పడి వచ్చావు. ముందు అన్నం తిను."

గిన్నెలో చద్దన్నం తెచ్చి పెట్టాడు. వరహాలు మొహం అటు తిప్పుకుని తింది. పైడి పోయాక ఆవిడ కడుపునిండా తినడం అదే మొదలుట.

ఏమిటి శిరీషా? ఆయనకి నిజంగా గుర్తు లేదా అనా? గుర్తు లేకేం, పిచ్చిపిల్లా. ప్రతి అక్షరం గుర్తుంది.

అందుకే చెబుతున్నా. ఎక్కడికైనా వెళ్ళినప్పుడు బురద కంపు కొడితే భయపడక్కర్లేదు, నీళ్ళు కదులుతున్నాయని అర్థం. కంపు మీద అత్తరు పోసి ఉంటే మాత్రం అక్కడ ఆగకండి. ఎవరైనా మిమ్మల్ని నమ్మి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎవరు చూస్తున్నా సరే.

ఇక కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.