కర్రులు కాని కత్తులు

పూర్వం ఒక క్రైస్తవ రాజ్యంలో ఎల్కానా అనే యూదు కమ్మరి ఉండేవాడు. సరిహద్దులో యుద్ధం ముదిరిన రోజుల్లో కోటదొర అతన్ని పిలిపించాడు.

"లోకాన్ని రక్షించే మెస్సీయ ఎప్పుడో వచ్చాడని మేమంతా నమ్ముతున్నాం. మీరు ఎందుకు ఒప్పుకోరు? ఒప్పుకోండి, లేదా మీవాళ్లంతా ఊరు విడిచి పొండి" అన్నాడు దొర.

ఎల్కానా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మెస్సీయ వచ్చిననాడు కత్తులన్నీ నాగటికర్రులవుతాయనీ, మనుషులు యుద్ధమన్నదే మరిచిపోతారనీ మా ప్రవక్తలు చెప్పారు, ప్రభూ. మేము ఎదురుచూసేది ఆ రోజు కోసమే. తమ సైనికుల కత్తులు ఇప్పించండి, కర్రులుగా సాగగొడతాను. ఆఖరి కత్తి కర్రు కాగానే మేమంతా ఒప్పుకుంటాం."

శత్రువు ముంచుకొస్తుంటే దొర కత్తులు ఎలా ఇస్తాడు?

"సరే, ఉన్నచోటే ఉండండి" అని పంపేశాడు.

మర్నాడు కొలిమి ముందు కత్తుల బండి ఆగింది. అన్నిటికీ పదును పెట్టాలని దొర ఆజ్ఞ.

"పోనీలే, గండం గడిచింది. మాటతోనే గెలిచావు" అంది అతని భార్య షిఫ్రా.

"దొర నిజంగానే కర్రుల కోసం కత్తులు ఇచ్చేస్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, షిఫ్రా. నేను ఓడిపోయుంటే ఎంత బాగుండేది" అంటూ ఎల్కానా మొదటి కత్తిని సానరాయికి ఆనించాడు.