గాలి నాదన్న దొర

అనగనగా వలందుల దేశంలో ఒక ఊరు. వలందులంటే ఎవరో కాదర్రా, ఒకప్పుడు మన బందరుకి ఓడలేసుకొచ్చి బట్టలు కొనుక్కుపోయినవాళ్ళు. ఈ కథ వాళ్ళింకా ఓడెక్కని రోజులది. మా ముత్తవ్వ ఓ వలందు దొరసాని నోట విన్నదట. ముత్తవ్వ అమ్మమ్మకి చెప్పింది, అమ్మమ్మ అమ్మకి చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. మీరు ఊ కొడితే నేను మీకు చెబుతాను.

ఆ ఊరికి చుట్టూ నీళ్ళు, నెత్తిన గాలి. గాలి వీస్తేనే మర తిరగాలి, మర తిరిగితేనే పిండి, పిండి ఉంటేనే రొట్టె, రొట్టె ఉంటేనే పిల్లలు ఏడుపు మానడం. అక్కడి కోటలో ఒక దొర. ఆయనకేం బుద్ధి పుట్టిందో, నేల నాది, నీరు నాది, కనక గాలీ నాదే అన్నాడు. నా గాలితో మర తిప్పుకుంటున్నారు కాబట్టి ప్రతి మూటలోంచీ నాకు పిండి తీసిపెట్టమన్నాడు. నవ్వకండర్రా, నిజంగానే అన్నాడు! వాయుదేవుడు వింటాడన్న భయమైనా లేదు.

పండగకి ఆ ఊళ్ళో నాటకాలు ఆడేవారు. మన వీధి భాగవతంలాంటివే, కాకపోతే బండి మీద. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టాలి. మా మేనమామ భామ వేషం కడితే అత్తయ్య చీరలన్నీ దాచేసేది, అది వేరే కథలే. ఆ బండి మీద ఎవరున్నా లేకపోయినా ఒక వెర్రివాడు ఉండి తీరాలి. గాడిద చెవుల టోపీ, దానికి మువ్వలు. ఆ టోపీ పెట్టుకుని ఎవరినేమన్నా తప్పు లేదని ఆచారం.

ఆ ఏడు టోపీ యోస్త్ అనే బుట్టలల్లేవాడిది. నాటకంలో దేవుడికీ దయ్యానికీ వాదం రసపట్టులో ఉండగా మధ్యలో దూరి, దొరగారూ, మొన్న తుఫానులో మా అమ్మ ఇంటి కప్పు మీ గాలే ఎత్తుకుపోయింది, ఎప్పుడు తెచ్చిస్తారు అని అడిగాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. దొర మొహం కందగడ్డయింది. ఆచారం లేదు గీచారం లేదు, యోస్త్‌ని కోటలో వేయించాడు. గాలి దొరగారిదేనని పండగ ముగిసేలోగా అందరిముందూ ఒప్పుకోవాలి, లేదా పెళ్ళాన్నీ ఊరినీ వదిలి పోవాలన్నాడు. యోస్త్ ఒప్పుకోనన్నాడు.

ఊ కొడుతున్నారా? ఏమే భార్గవీ, పడుకున్నావా?

యోస్త్ భార్య లీస్బెత్. అత్తగారు గెర్త్రూడమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"వెళ్ళి దొర కాళ్ళ మీద పడవే."

"పడి ఏమనను అత్తమ్మా? గాలి మీదే అననా?"

"అంటే నోరేమన్నా అరుగుతుందా?"

"మీ కప్పు లేచిపోయిన రోజున దొరని తిట్టారా, గాలిని తిట్టారా?"

అత్తగారు ముక్కు చీదుకుని, "ఆ టోపీ ఇలా తే. మువ్వ ఊడింది, కుట్టిస్తాను," అంది.

పండగ ఆఖరి రోజున ఆ టోపీ పెట్టుకున్నవాళ్ళు బండెక్కి పాట పాడాలి. ప్రతి చరణమూ ఒకే మాటతో ముగియాలి. ఆఖరి చరణం మాత్రం 'ప్రభూ' అని మొదలుపెట్టాలి. ప్రభువంటే నాటక సంఘం పెద్ద. ఆ చరణం చివర ఆయనే లేచి ముగింపు మాట పలకాలి. పలక్కపోతే పండగ ముగియదు, విందు మొదలవదు. ఆ ఏడు పెద్ద మెడలో వేసే పూలదండ మీద మోజుకొద్దీ ఆ పెద్దరికం లాక్కున్నదెవరో తెలుసా? దొరే!

లీస్బెత్ టోపీ పెట్టుకుని బండెక్కింది.

"ఆడది బండెక్కడమేమిటి, దిగు!" అని అరిచాడు దొర.

"ఎక్కింది టోపీ అండీ. టోపీకి ఆడేమిటి, మగేమిటి?" అని పాట ఎత్తుకుంది.

మర తిప్పే గాలి, తెరచాప నింపే గాలి,
బిడ్డకి తొలి ఊపిరై లోనికొచ్చే గాలి,
ఎవరింట పుట్టింది, ఎవరు కొలిచిచ్చారు?
గాలికి దొర లేడు.

మొదట గెర్త్రూడమ్మ గొంతు కలిపింది, తర్వాత మరవాడు, తర్వాత చేపలవాళ్ళు, ఆఖరికి ఊరు ఊరంతా. అప్పుడు లీస్బెత్ దొర వైపు తిరిగింది.

ప్రభూ, మీ గాలిని మీలోనే దాచండి,
పొమ్మంటే పోకుండా పట్టి ఉంచి చూడండి,
ఉంచలేక వదిలాక ఉన్నమాట చెప్పండి...

పాట ఆగింది. అందరూ దొరనే చూస్తున్నారు. ఆ మాట అనకూడదని దొర పళ్ళు బిగించాడు, ముక్కు మూసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఫూ అని ఊపిరి బయటపడేసరికి మెడలో పూలు కూడా రాలాయి! ఎదురుగా విందు చల్లారిపోతోంది, జనం కదలరు. ఆఖరికి గొణిగాడు.

"గాలికి దొర లేడు."

"వినపడలేదు ప్రభూ!" అంది గెర్త్రూడమ్మ.

"గాలికి దొర లేడు!" అని అరిచాడు.

"మా ఆయన అన్నదీ అదే కదండీ," అంది లీస్బెత్. "ఆ మాటకి కోటలో ఉండాలంటే, మీరిద్దరూ ఒకే గదిలో ఉంటారా, వేరువేరుగానా?"

ఊరంతా ఒకటే నవ్వు. దొర ఏం చేస్తాడు, తాళం తీయించాడు. యోస్త్ ఇంటికొచ్చాడు, పిండి అడగడం మానేశారు, అందరూ కడుపునిండా రొట్టె తిన్నారు.

మెల్లగా మాట్లాడండి, పెద్దలకి దణ్ణం పెట్టండి, నేనెప్పుడూ అదే చెబుతాను. కానీ దేవుడు అందరికీ ఇచ్చినదాన్ని ఎవరైనా వచ్చి నాది అంటే మాత్రం, అవునండీ అనకండి. ఎంత పెద్దవాళ్ళయినా సరే.

కథ దాని దారిన కంచికి పోయింది, మనం మన దుప్పట్లోకి.