ఆడచేప కొలత

సన్యాసయ్య మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. విజయనగరంలో సైన్సు చెప్పి రిటైరైన ఆయన దగ్గర మేం నలుగురం ఆదివారాలు చేపల పెంపకం నేర్చుకునేవాళ్లం. పేరుకే సన్యాసయ్య గానీ, వసారా నిండా గాజుతొట్లే, తొట్ల నిండా సంసారాలే.

ఆ ఏడు మాలో ఒకడైన పైడిరాజు భార్య హైమ మూడోసారి బొబ్బిలిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. పైడిరాజు చెడ్డవాడు కాదు. తగువంటూ వస్తే అప్పటికప్పుడు తేలిపోవాలంటాడు. తేలేదాకా ఆమె ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి వెనకే వెళ్తాడు. ఈసారి పెద్దమనుషుల్ని పంపినా ఆమె రానంది. ఆ దిగులుతోనే ఒక ఆదివారం మాస్టారిని అడిగేశాడు.

"ఆలుమగల మధ్యన ఏ అడ్డూ ఉండకూడదంటారు కదా మాస్టారూ, మరి ఆవిడెందుకు ఇంట్లో నిలవదు?"

మాస్టారు పెద్ద తొట్టి వైపు చూపించారు. అందులో జాగ్వార్ సిక్లిడ్లనే చేపల జంట ఉంది. ఒళ్లంతా నల్లమచ్చలు, నోటినిండా పళ్లు. మగది మూరెడుకు కాస్త తక్కువ, ఆడది అందులో సగానికి కాస్త ఎక్కువ. గుడ్లు పెట్టిద్దామని కలిపితే మగది దాని రెక్కలు చింపేసింది. అందుకని మధ్యలో ప్లాస్టిక్ జాలీ నిలబెడుతున్నామని, దానికొక కన్నం కొయ్యమని మాస్టారు చెప్పారు.

పైడిరాజు మనసుపెట్టి కోశాడు, రెండూ హాయిగా అటూ ఇటూ తిరిగేటంత. మాస్టారు దాన్ని పక్కన పడేసి ఇంకో జాలీ చేతికిచ్చారు.

"ఆడచేప కొలతకి కొయ్యి. మగది పట్టకూడదు."

ఇల్లు ఇద్దరిదీ అయినప్పుడు ఇదెక్కడి న్యాయమని పైడిరాజు మా దగ్గర గొణిగాడు గానీ, చెప్పినట్టే కోశాడు.

మొదటి వారమంతా ఆడది తన వైపు మూలన నక్కింది. మగవాడు కన్నంలో మూతి పెట్టి చూసి, మొహం వేలాడేసుకుని తిరిగాడు. రెండో వారం ఆమె ఒకసారి అటు వెళ్లి, వాడు మీదికి రాగానే చటుక్కున వెనక్కి వచ్చేసింది. వెంటపడదామంటే వాడికి దారి లేదు. ఆ తర్వాత రోజుకు పదిసార్లు వెళ్లిరావడం మొదలుపెట్టింది. వాడూ నెమ్మదించాడు.

మూడో ఆదివారం మేం వెళ్లేసరికి మగవాడి వైపున్న పలకరాయి మీద వందలకొద్దీ గుడ్లు! ఆమె వాటికి రెక్కలతో విసురుతోంది, వాడు చుట్టూ కాపలా తిరుగుతున్నాడు. కన్నం తెరిచే ఉంది, ఆమె మాత్రం అటు చూడను కూడా లేదు. మాకు సంతోషం పట్టలేదు. మాస్టారు అందరికీ పటికబెల్లం పంచారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు పైడిరాజు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"పెళ్లయిన వారానికే గది తలుపు గడియ నేనే పీకీసినాను మాస్టారూ," అన్నాడు. "మనిద్దరికీ గడియెందుకని."

పైడిరాజు చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఇప్పుడే బొబ్బిలి వెళ్లి ఆమెను తీసుకొస్తానన్నాడు.

"బస్సులు సాయంత్రం దాకా ఉంటాయిలే," అన్నారు మాస్టారు. "ముందు ఇనపసామాన్ల కొట్టుకెళ్లు."