బిస్మిల్లా అనలేని పని

అనగనగా ఒక కోట, ఆ కోటలో ఒక రాజు. రాజుగారి సంగతి తర్వాత చెబుతాను, ఆయనకేం తొందర లేదు. ముందు కోట గోడ వెనక పేటలో ఉండే దూదేకుల లాలప్ప సంగతి వినండి పిల్లలూ.

లాలప్ప దగ్గర పెద్ద విల్లు ఉంది. దాని నారిని కొయ్యతో కొడితే టంయ్ టంయ్‌మని మోగుతుంది, ఉండకట్టిన దూది నురగలా విచ్చుకుంటుంది. ఆ దూది కూరి అతని భార్య మౌలాబీ పరుపులు కుడుతుంది. విల్లు ఎత్తేముందు లాలప్ప "బిస్మిల్లా" అంటాడు. దేవుడి పేరుతో మొదలుపెడుతున్నానని దానికి అర్థం. సూది పట్టేముందు మౌలాబీ కూడా అంటుంది. ముద్ద నోట్లో పెట్టుకునేముందు చిన్నకూతురు జైతూన్ కూడా అంటుంది. ఆ మాట లేకుండా ఆ ఇంట్లో ఏ పనీ మొదలవదు.

వానలొస్తే దూది చెమ్మెక్కుతుంది, విల్లు పలకదు. అందుకే ఎండలుండగానే వానాకాలానికి సరిపడా జొన్నలు కుండల్లో పోసుకోవాలి. ఆ ఏడు పంటలు దెబ్బతిన్నాయి, పరుపులు కుట్టించుకునే నాథుడే లేడు. ఆకాశంలో మబ్బులు పడుతున్నాయి గానీ కుండల్లో గింజ పడలేదు.

అప్పుడొచ్చాడు వర్తకుడు జిలానీ సాయిబు. మసీదులో ఎప్పుడూ ముందు వరసలో నిలబడే పెద్దమనిషి.

"లాలప్పా! యువరాజు పెళ్లికి కోటకు పరుపులు కావాలట. పైన కొత్త దూది, లోపల ఈ పాత చింకి దూది పెట్టు. కూలి రెట్టింపు ఇస్తాను. లోపల ఏముందో పడుకునేవాడికేం తెలుస్తుంది?"

లాలప్ప విల్లు ఎత్తాడు. బిస్మిల్లా అనబోయాడు. నోరు తిరగలేదు. విల్లు దించేశాడు.

"క్షమించు సాయిబూ. ఈ పని మొదలుపెట్టడం నాకు చేతకావడం లేదు."

కొన్నాళ్లకు సాయిబు మళ్లీ వచ్చాడు. "పొరుగూరి వాళ్లచేత పరుపులు నింపించాన్లే. మూతి కుట్టిపెట్టండి, చాలు."

మౌలాబీ సూది తీసింది. దారం ఎక్కించింది. ఆమె నోరూ తిరగలేదు.

మూడోసారి సాయిబు జొన్నల మూటతో వచ్చాడు. "దూది ఏకొద్దు, పరుపు కుట్టొద్దు. పరుపులు చేసింది నువ్వేనని కోటలో చెబుతాను. ఎవరైనా అడిగితే నువ్వు నోరు మూసుకో, అంతే!" అని మూట గుమ్మంలో పడేసి చక్కా పోయాడు.

లాలప్ప ఆ మూట వంక చూస్తూ కూర్చున్నాడు. పాపం, ఏం చేస్తాడు? జైతూన్ పొద్దుటినుంచి గంజినీళ్ల మీదే ఉంది.

"మౌలాబీ, ఇందులో మనం చేసేదేమీ లేదు కదా! ఊరుకుంటే చాలన్నాడు."

మౌలాబీ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఈ జొన్నలు వండి, కంచం పిల్ల ముందు పెట్టి, బిస్మిల్లా అనమని నీ నోటితో చెప్పగలవా?"

లాలప్ప లేచాడు. మూట భుజానికెత్తుకుని సాయిబు అరుగు మీద దించి వచ్చాడు.

వానలు పట్టుకున్నాయి. కోటలో కొత్త పరుపులు ముక్కిపోయిన వాసన కొట్టాయి, ఉండలు కట్టాయి. రాజుగారి తల్లికి నడుము పట్టేసింది. "ఎవడు చేశాడు?" అని రాజు గర్జించాడు.

"లాలప్ప చేశాడు ప్రభూ!" అన్నాడు సాయిబు, కొంచెమైనా తడబడకుండా.

భటులు లాలప్పనూ మౌలాబీనీ సభకు పట్టుకొచ్చారు.

"ప్రభూ, మా పని చూసి శిక్ష వెయ్యండి," అంది మౌలాబీ. "పేటలో ఎవరి పరుపైనా తెప్పించండి."

భటులు చాకలి ముసలమ్మ పరుపు మోసుకొచ్చారు. ఆమె లబోదిబోమంటూ వెనకే వచ్చింది. "బాబోయ్, నా పరుపు కొయ్యకండి! ఊళ్లో సుఖంగా నిద్రపోయేది నేనొక్కదాన్నే!"

కోటలోని పరుపు కోశారు. లోపల చింకి దూది. ముసలమ్మ పరుపు కోశారు. ఎన్నేళ్లదో, అయినా అడుగుదాకా తెల్లటి దూదే.

"ఇక లాలప్ప ఇంటి పరుపు తెండి," అన్నాడు రాజు.

"మా ఇంట్లో పరుపు లేదు ప్రభూ," అన్నాడు లాలప్ప. "చాప ఉంది."

సభలో అందరి చూపూ సాయిబు మీదికి మళ్లింది. సాయిబు తల వంచుకుని, తప్పంతా ఒప్పుకున్నాడు.

రాజు సాయిబు దగ్గర పరుపుల సొమ్ము వెనక్కి తీసుకుని, ఆ వానాకాలమంతటికీ సరిపడా జొన్నలు లాలప్ప ఇంటికి పంపి, వానలు వెలిశాక కోట పరుపులన్నీ మళ్లీ కుట్టమన్నాడు. ముందుగా ముసలమ్మది కుట్టించాడు లెండి, లేకపోతే ఆవిడ కదిలేట్టు లేదు! ఆ కబురు ఊరూరా పాకింది. వానలు వెలిసేసరికి లాలప్ప గుమ్మం ముందు జనం బారులు తీరారు. కుండలు నిండాయి. జైతూన్ కడుపునిండా తింది.

ఒకరోజు జిలానీ సాయిబు మంచి పత్తి బస్తాతో వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లాలప్పా, ఇది చూసి చెప్పు. నోరు తిరుగుతుందా?"

లాలప్ప పత్తి చేతిలోకి తీసుకుని నవ్వాడు. విల్లెత్తి, ఇద్దరికీ వినబడేలా "బిస్మిల్లా" అన్నాడు.

దేవుడి పేరు చెప్పి మొదలుపెట్టగల పనే చెయ్యండి పిల్లలూ. అలాంటి ఇంటిని ఊరు నమ్ముతుంది, ఊరు నమ్మిన ఇంట్లో పొయ్యి ఆరదు.